డిక్కీ తెరవమంటే వారెంటు చూపమనవచ్చా?

పాఠకుల న్యాయ సందేహాలు – వకీలు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోలీసులు వాహనాలను ఆపి సోదా చేయడం గురించే ఉన్నాయి. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల నుంచి ఆంధ్ర వైపు దిగే దారుల్లో ఇది దాదాపు రోజూ జరిగే పని కాబట్టి అందులో వింతేమీ లేదు. రాసినవారి కోరిక మీద పేర్లు తీసివేసి, ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి, దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత సెక్షన్ల నంబర్లే గుర్తున్నవారు చాలామంది ఉంటారు గనుక అవసరమైన చోట రెండు నంబర్లూ ఇస్తున్నాను.

ప్రశ్న: నేను జయపురంలో కిరాయి కారు నడుపుతాను. వారానికి రెండు మూడు సార్లు సవారీలతో సుంకి ఘాటు దిగి, సాలూరు మీదుగా విజయనగరం వెళ్తాను. మొన్న పోలీసులు బండి ఆపి, కాగితాలన్నీ చూసి, ఆ తరువాత డిక్కీ తెరవమన్నారు. వారెంటు ఉందా అని అడిగితే, ‘బండికి వారెంటేమిటయ్యా’ అని నవ్వారు. వారన్నది నిజమేనా? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: నవ్వడం బాగాలేదు గాని, వారన్న మాటలో చాలావరకు నిజముంది. అయితే ఆ నిజానికి కొన్ని షరతులున్నాయి, వాటిని వారు మీకు చెప్పలేదు.

మీ అనుభవంలో రెండు వేరువేరు పనులు కలిసిపోయాయి. మొదటిది కాగితాల తనిఖీ. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు చూపించవలసిందే. ఫోనులో డిజిలాకర్‌లో ఉన్నవి చూపినా చెల్లుతాయి. ఇందుకు మీమీద ఏ అనుమానమూ ఉండనక్కరలేదు. కాని ఆ అధికారం కాగితాలతోనే ఆగిపోతుంది, డిక్కీ దాకా రాదు. డిక్కీ తెరిపించడం సోదా కిందికి వస్తుంది, దానికి వేరే చట్టం అండ ఉండాలి.

ఆ అండ వారెంటే కానక్కరలేదన్నది చాలామందికి తెలియని సంగతి. సంహితలోని 185వ సెక్షన్ (పాత 165) ఠాణా బాధ్యుడికి, అంటే మన ఒడిశాలో ఐఐసి అనే అధికారికి, లేదా ఒక కేసు దర్యాప్తు చేస్తున్న అధికారికి, వారెంటు లేకుండా ‘స్థలం’ సోదా చేసే అధికారం ఇస్తుంది. స్థలం అంటే ఇల్లు, కట్టడం, గుడారం, వాహనం, ఓడ అని సంహిత మొదట్లోనే నిర్వచనంలో రాసి ఉంది. కాబట్టి మీ కారు కూడా ఆ సెక్షన్ లెక్కలో ఒక స్థలమే. కాని ముందుగా ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తూ ఉండాలి. ఆ దర్యాప్తుకు కావలసిన వస్తువు అక్కడ దొరుకుతుందని నమ్మడానికి సరైన కారణం ఉండాలి. మరో దారిలో దానిని సంపాదించబోతే అనవసరమైన ఆలస్యం జరుగుతుందని ఆ అధికారికి అనిపించాలి. ఆ కారణాలను, వెతికే వస్తువు వివరాలను సోదాకు ముందే కేసు డైరీలో రాయాలి. సోదాను ఫోనుతోనైనా వీడియో తీయాలి. రాసిన కాగితాల నకళ్లు 48 గంటలు దాటకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. వాటి ప్రతి ఒకటి మీరు దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా ఇవ్వాలి. వీడియో నిబంధన, 48 గంటల గడువు కొత్త సంహిత తెచ్చినవి. పాత కోడ్‌లో ‘వెంటనే’ అన్న మాట ఒక్కటే ఉండేది, ఆ వెంటనే ఎన్ని రోజులు సాగేదో కోర్టుల చుట్టూ తిరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడితో అయిపోతే, దారిన పోయే ప్రతి బండినీ వరుసగా ఆపి డిక్కీలు తెరిపించడం 185 కింద నిలవదని ధైర్యంగా చెప్పేవాణ్ణి. కాని మన జిల్లాల్లో ఆ సెక్షన్ ఒక్కటే ఉపయోగంలో లేదు. ఆయుధాల చట్టం, 1959లో 23వ సెక్షన్ ఉంది. ఆయుధాలు గాని తూటాలు గాని చట్టవిరుద్ధంగా పోతున్నాయేమో తెలుసుకోవడానికి ఏ పోలీసు అధికారి అయినా ఏ వాహనాన్నయినా ఆపి సోదా చేయవచ్చునని అది చెబుతుంది. మిగిలిన చట్టాలలో కనిపించే ‘నమ్మడానికి తగిన కారణం’ అన్న షరతు అందులో లేదు. మావోయిస్టుల కదలికలు ఏళ్ల తరబడి ఉన్న మల్కానగిరి, కోరాపుట్ దారుల్లో ఈ సెక్షన్ ఎంత విస్తృతంగా పనికొచ్చిందో మీరే ఊహించుకోవచ్చు. ఆబ్కారీ చట్టం కింద మద్యానికి, వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972లోని 50వ సెక్షన్ కింద ఎస్సైకి తగ్గని పోలీసు అధికారులకు, అటవీ అధికారులకు ఇలాంటి అధికారాలే ఉన్నాయి. ఎన్నికల సమయంలో సంచార దళాలు చేసే తనిఖీ మరొకటి. దాని లెక్కలు వేరు, ఇక్కడ వద్దు.

అందువల్ల రోడ్డు మీద ‘వారెంటు చూపండి’ అని పట్టుబట్టడం వల్ల మీకు ఒరిగేది తక్కువ. ‘సార్, ఏ చట్టం కింద, దేని కోసం చూస్తున్నారు?’ అని నెమ్మదిగా అడగండి. అధికారి పేరు, హోదా, సమయం, చోటు గుర్తుపెట్టుకోండి. తాళం ఇవ్వనని మొండికేస్తే భారతీయ న్యాయ సంహిత 221 కింద ప్రభుత్వోద్యోగి విధికి అడ్డుపడ్డారని కేసు పెట్టే వీలుంది; దానికి 3 నెలల దాకా జైలు గాని 2,500 రూపాయల దాకా జరిమానా గాని రెండూ గాని పడవచ్చు. సోదా అక్రమమైతే దొరికిన సరుకు సాక్ష్యంగా చెల్లదనుకోవడం కూడా పొరపాటే. పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే, సోదాలో చట్టం తప్పినంత మాత్రాన దొరికిన సాక్ష్యం పనికిరాకుండా పోదని తేల్చింది. సినిమాల్లో చూసిన న్యాయం మన కోర్టులో ఉంటుందనుకోకండి. కింది ప్రశ్నలోని గంజాయి కేసులు మాత్రం కొంతవరకు ఇందుకు మినహాయింపు.

ప్రశ్న: రాయగడలో మాకు బట్టల దుకాణం ఉంది. పార్వతీపురంలో బంధువుల ఇంటికి సొంత కారులో బయలుదేరాం. రాత్రి తొమ్మిది దాటాక ఒకచోట ఆపి, గంజాయి ఉందని సమాచారం వచ్చిందంటూ బండంతా, సంచులన్నీ వెతికారు. నా జేబులు కూడా చూశారు. ఏమీ దొరకలేదు. రాత్రివేళ ఇలా చేయవచ్చా? గెజిటెడ్ అధికారి ఉండాలంటారు, అది నిజమా? ఇప్పుడు మేం ఏమైనా చేయగలమా? – ఒక వ్యాపారి, రాయగడ

జవాబు: ఈ ఉత్తరం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడవలసి ఉంది, ఎందుకంటే మన వైపు వాహన సోదాల్లో ఎక్కువ భాగం గంజాయి పేరు మీదే జరుగుతాయి. శిక్షలూ అందులోనే భారీగా ఉంటాయి. 20 కిలోలు దాటితే అది ‘వాణిజ్య పరిమాణం’, కనీస శిక్ష 10 ఏళ్లు, బెయిలు దాదాపు గగనకుసుమం. శిక్ష ఎంత కఠినమో సోదా నియమాలు కూడా అంత కఠినంగా ఉండాలన్నది మాదకద్రవ్యాల చట్టం, 1985 వెనుక ఉన్న ఆలోచన.

ఆ చట్టంలో మూడు సెక్షన్లు చూడాలి. 42వ సెక్షన్ కట్టడాలు, వాహనాలు, మూసి ఉన్న చోట్ల సోదాకు సంబంధించింది. ఇందులో అధికారం ప్యూను, సిపాయి, కానిస్టేబులు హోదాకు పైబడి, ప్రభుత్వం అధికారమిచ్చిన వారికే ఉంటుంది. కాబట్టి కానిస్టేబులు ఒక్కడే ఉండి చేసిన సోదా ఈ సెక్షన్ కింద నిలవదు. ఆ అధికారికి స్వయంగా తెలిసి ఉండాలి, లేదా ఎవరో ఇచ్చిన సమాచారాన్ని ఆయన కాగితం మీద పెట్టి ఉండాలి. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు కుంకేదాకా వారెంటు లేకుండా సోదా చేయవచ్చు. పొద్దు కుంకిన తరువాత అయితే, వారెంటు కోసం వెళ్తే సరుకు దాచేస్తారనో, నేరస్థుడు తప్పించుకుంటాడనో నమ్మడానికి కారణాలు రాసిపెట్టాకే చేయాలి. ఆ కాగితం నకలు 72 గంటల్లో పై అధికారికి పంపాలి. కాబట్టి రాత్రి కదా అన్నంత మాత్రాన సోదా చెల్లకుండా పోదు, కారణం రాయకపోతే మాత్రం బలహీనపడుతుంది.

43వ సెక్షన్ బహిరంగ స్థలాలకు సంబంధించింది, దానికి ఇన్ని కాగితాలు అక్కరలేదు. బస్సు వంటి ప్రజారవాణా వాహనం ఆ సెక్షన్ కిందికి వస్తుంది. సొంత కారు రోడ్డు మీద ఉంది కాబట్టి అది కూడా బహిరంగ స్థలమే అని చాలా కేసుల్లో పోలీసులు వాదించేవారు. 2021లో బూటాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కాదంది. సొంత వాహనం ప్రజారవాణా కాదని, దానికి 42వ సెక్షన్ నియమాలే వర్తిస్తాయని చెప్పి, వాటిని పూర్తిగా విస్మరించినందుకు నిందితులను విడుదల చేసింది. అంతకుముందు 2009లో కర్నైల్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అత్యవసరంలో కాగితం కొంచెం ఆలస్యమైతే సరైన వివరణతో ఒప్పుకోవచ్చు గాని, అసలు రాయకపోవడం ఒప్పుకోలేమని చెప్పింది. నా దగ్గరకు వచ్చే కక్షిదారులు ‘వారెంటు లేదండీ’ అని మొదలుపెడతారు. నేను ఫైలులో వెతికేది ఆ 72 గంటల కాగితం.

ఇక 49వ సెక్షన్. వాహనంలో మాదకద్రవ్యం పోతోందని, పోబోతోందని అనుమానించడానికి కారణముంటే, 42 కింద అధికారమున్న అధికారి ఏ వేళనైనా దానిని ఆపి, లోపలి సరుకంతా చూడవచ్చునని చెబుతుంది. మీ కారును ఆపడానికి వారు చూపబోయేది బహుశా ఇదే.

గెజిటెడ్ అధికారి మాట 50వ సెక్షన్‌లోది, అది మనిషి ఒంటి సోదాకు మాత్రమే. మిమ్మల్ని సోదా చేసే ముందు, మిమ్మల్ని దగ్గరలోని గెజిటెడ్ అధికారి దగ్గరకో మేజిస్ట్రేటు దగ్గరకో తీసుకెళ్లమని కోరే హక్కు మీకుందని చెప్పాలి. ఊరికే ‘చూడవచ్చా?’ అని అడిగి తలూపించుకోవడం చాలదని, హక్కు గురించి చెప్పడం తప్పనిసరి అని 2010లో విజయ్‌సింహ్ చందూభా జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. సంచి, సూట్‌కేసు, కారు మనిషి ఒంట్లో భాగం కావని పవన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది కాబట్టి వాటికి ఈ హక్కు లేదు. మీ విషయంలో కారుకు, సంచులకు 50వ సెక్షన్ పట్టదు, జేబులకు పడుతుంది. మీకు ఆ హక్కు సంగతి చెప్పలేదంటే అక్కడ తప్పు జరిగింది.

ఏమీ దొరకలేదు కాబట్టి కేసు లేదు, కేసు లేదు కాబట్టి ఈ తప్పులు ఏ కోర్టులోనూ చర్చకు రావు. ఇది చట్టంలోని పెద్ద లోటని నా అభిప్రాయం; నియమాలన్నీ దొరికినవాడికే కవచం, ఏమీ దొరకని పెద్దమనిషికి రోడ్డు పక్కన నిలబడ్డ అవమానమే మిగులుతుంది. అయినా 58వ సెక్షన్ ఒకటుంది. అనుమానానికి తగిన కారణం లేకుండా వాహనం సోదా చేసినా, వేధించడానికి అనవసరంగా మనిషిని నిలిపి ఉంచినా ఆ అధికారికి 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిరూపించడం కష్టం. ముందుగా తేదీ, సమయం, చోటు వివరాలతో జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఆనాటి సమాచారాన్ని రాసిన కాగితం ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: గుణుపురం నుంచి పర్లాకిమిడి పెళ్లికి జీపులో వెళ్తుంటే ఆపి, మగ కానిస్టేబులు మా చేతిసంచులన్నీ తెరిచి చూశాడు. ఆడవాళ్ల సామాను ఆడ పోలీసులే చూడాలి కదా? – ఒక గృహిణి, గుణుపురం

జవాబు: ఒంటి సోదా అయితే స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా చూడాలని సంహితా మాదకద్రవ్యాల చట్టమూ రెండూ చెబుతున్నాయి, ఆడ పోలీసు లేరన్న సాకు అక్కడ చెల్లదు. చేతిసంచికి మాత్రం ఆ నియమం అక్షరాలా వర్తించదు. అలాగని అభ్యంతరం చెప్పకూడదని కాదు. సంచి నేనే తెరిచి చూపుతాను, మీరు చేయి పెట్టవద్దమ్మా అనో అయ్యా అనో అనండి. సాధారణంగా ఒప్పుకుంటారు.

ప్రశ్న: మా పికప్ బండిలో ఉల్లిపాయల బస్తాలు ఎక్కించిన మనిషి అడుగున గంజాయి దాచాడట. మా బావమరిది బండి నడుపుతున్నాడు. ఎనిమిది నెలలుగా బండి ఠాణా ఆవరణలో ఎండకూ వానకూ తుప్పు పడుతోంది. ఫైనాన్సు వాయిదాలు ఆగలేదు. గంజాయి కేసులో బండి కేసు తేలేదాకా రాదంటున్నారు. – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అది పూర్తిగా నిజం కాదు. జప్తు చేసిన వాహనాలను ఠాణాల్లో ఏళ్ల తరబడి కుళ్లబెట్టవద్దని, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకొని యజమానికి ఇవ్వాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. గంజాయి కేసులకు అది వర్తించదని కొన్ని కోర్టులు అనేవి. 2025 జనవరిలో బిశ్వజీత్ దే కేసులో సుప్రీంకోర్టు, మాదకద్రవ్యాల చట్టంలో తాత్కాలిక విడుదలకు నిషేధమేదీ లేదని స్పష్టం చేసింది. ఆ కేసులో బండి లారీ, సరుకు లారీలో ఎక్కిన ఒక ప్రయాణికుడిది.

అయితే మీ ఉత్తరంలో అసలు సంగతి రాయలేదు: మీ బావమరిదిని నిందితుడిగా చేర్చారా లేదా? అదే తీర్పులో యజమాని గాని, డ్రైవరు గాని నిందితుడైన సందర్భాలను కోర్టు వేరుగా పెట్టింది, వాటిలో విడుదల అంత సులభం కాదు. 60వ సెక్షన్ ప్రకారం బండి ప్రభుత్వపరం కాకుండా ఆపాలంటే, యజమానికే కాదు, బండి నడిపినవాడికి కూడా ఆ సంగతి తెలియదని, ఇద్దరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారని మీరే నిరూపించాలి. సరుకు ఎక్కించినప్పటి బిల్లు, కిరాయి మాట్లాడిన ఫోను వివరాలు, బస్తాలు ఎక్కడ ఎవరు ఎక్కించారన్న సాక్ష్యం ఇప్పుడే పోగు చేయండి. వీటితో ప్రత్యేక కోర్టులో మధ్యంతర విడుదలకు దరఖాస్తు పెట్టండి. ఫైనాన్సు ఒప్పందం కూడా జతచేయండి, వాయిదాల భారం చూపించడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: పొట్టంగి దగ్గర రోడ్డు పక్కన టీ దుకాణం నడుపుతున్నాను. మా దుకాణం ఎదుటే ఒక బండిని సోదా చేసి, నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నారు. కాగితం ఒడియాలో ఉంది, నాకు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. పెట్టాను. భయంగా ఉంది. – ఒక పాఠకుడు, పొట్టంగి

జవాబు: భయపడకండి, కాని పద్ధతి తెలుసుకోండి. సోదాకు ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు నిష్పక్షపాతులను పిలవాలని సంహిత 103వ సెక్షన్ (పాత 100) చెబుతుంది. మన వైపు ఆ ఇద్దరు సాధారణంగా మీలాంటి దుకాణదారులే అవుతారు. రాతపూర్వకంగా పిలిస్తే సరైన కారణం లేకుండా రానని అనకూడదు, అది నేరమవుతుంది. నోటిమాటతో పిలిస్తే మాత్రం ఆ శిక్ష వర్తించదు.

సాక్షిగా మీ బాధ్యత సోదాను కళ్లారా చూడడం. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో జాబితా మీ ఎదుటే రాయాలి, దాని మీదే మీరు సంతకం పెట్టాలి. ఈ జాబితా రాయడం, సంతకాలు పెట్టడం కూడా వీడియోలో ఉండాలని సంహిత 105 చెబుతోంది. మీరు బండి దగ్గర లేకుండా, తరువాత తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, ఆ వీడియోలో మీరు కనిపించరు. కోర్టులో మొదటి ప్రశ్న అదే అడుగుతారు.

ఇకముందు ఇలాంటిది జరిగితే కాగితం చదివి వినిపించమనండి. సంతకం కింద తెలుగులోనే, ‘నాకు ఒడియా చదవడం రాదు, చదివి వినిపించారు, డిక్కీలోంచి రెండు సంచులు తీయడం చూశాను’ అని, మీరు చూసినంతే రాసి తేదీ వేయండి. తెలుగులో రాయకూడదని ఏ చట్టమూ అనదు. కోర్టు ప్రత్యేకంగా సమను పంపితే తప్ప మీరు వెళ్లనక్కరలేదు. సమను వస్తే బహుశా రెండు మూడేళ్ల తరువాత వస్తుంది, అప్పటికి బండి రంగు కూడా గుర్తుండదు. కాబట్టి ఇవాళే మీ దుకాణం ఖాతా పుస్తకంలో ఒక పేజీ తీసి, ఆ రోజు తేదీ, సుమారు సమయం, బండి నంబరు, మీరు ఎంత దూరంలో నిలబడ్డారు, జాబితా మీ ఎదుట రాశారా ముందే రాసి తెచ్చారా అన్నవి రాసి పెట్టుకోండి.